పలకని పెద్దనాయన

ఆ రోజుల్లో అనంతపురం పోయి ఆర్నెల్లు కంప్యూటర్ కోర్సు చేసొచ్చినోడంటే మా బత్తలపల్లె పక్క ఉండే మర్యాద ఇప్పుడు డాక్టర్లకు కూడా లేదు. ఆ మర్యాద కోసమే నేను జేబులో స్క్రూడ్రైవరు పెట్టుకుని తిరిగేవాణ్ణి. (దాంతో నాకు చేతనైంది మూత విప్పడం. బిగించినాక ఎప్పుడూ ఒకట్రెండు స్క్రూలు మిగిలేవి.)

మా అక్క ధర్మవరం మగ్గాలకు చీర అంచుల డిజైన్లు గీసేది. అవన్నీ పాత కంప్యూటర్లో ఉండినాయి. అది ఎప్పుడు ప్రాణం వదుల్తుందో తెలీదు, ఫ్లాపీ పెట్టే చోటు ముందే చచ్చిపోయింది. అందుకని కొత్తది తెచ్చినాం. ఆ సాయంత్రమే మగ్గాల షావుకారు డిజైన్లు చూసేదానికి వస్తానన్నాడు. "రెండిటికీ వైరు కలిపితే అవే దీంట్లోకి వచ్చేస్తాయి, నువ్వు పోయి టీ పెట్టుపోక్కా" అన్నాను. "నా డిజైన్లు పోయినాయంటే నిన్ను మగ్గం గుంతలో పూడుస్తా" అనేసి అక్క వంటింట్లోకి పోయింది.

పాతది లోపలి గదిలో, కొత్తది నడవలో. కిటికీలోంచి వైరు లాగినాను. రెండిటికీ పేర్లు పెట్టాల కదా, పాతదానికి పెద్దనాయన అనీ కొత్తదానికి చిన్నాయన అనీ పెట్టి, నా తెలివికి నేనే మురిసిపోయినాను. మా నాయన అన్నా తమ్ముడూ, అంటే నిజం పెద్దనాయనా చిన్నాయనా, ఎదురెదురిండ్లలో ఉంటా ఏండ్లుగా మాట్లాడుకోవడం లేదన్న సంగతి ఆ మురిపెంలో గుర్తు రాలేదు. (చిన్నాయన బోరేయించినాక పెద్దనాయన బోరు ఎండిపోయింది. మా పక్క ఇంతకన్నా చిన్నవాటికే మాటలు ఆగిపోతాయి.)

నాయన్ను పాతదాని ముందు కూర్చోబెట్టి నేను నడవలో కొత్తదాంతో కుస్తీ పడితిని. ఎంత వెతికినా పాతది కనపడదే. చివరికి వీధికంతా వినపడేట్టు కేకేసినాను, "నాయనా, చిన్నాయన పిలస్తానే ఉండాడు, పెద్దనాయనే పలకడంల్యా" అని. నాయన లోపల్నుంచి, "పాతదైపోయె కదరా, మొండికేసినట్టుండాది. నెత్తిన రెండు తట్టేదా?" అన్నాడు.

తలెత్తి చూస్తే గడపలో నిజం పెద్దనాయన, భుజాన శెనక్కాయల మూటతో. "ఎవురప్పా నన్ను తట్టేది? వాడెప్పుడు పిలిచినాడు? పిలిస్తే నేను పలకనంటినా?" నాయన గదిలోంచి బయటికి రాలేదు. టీ గ్లాసులతో వచ్చిన అక్క నా మొహం, ఆయన మొహం మార్చి మార్చి చూసి, "చిన్నాయన చానాసేపట్నుంచి పిలస్తాండాడు, కూర్చో పెద్దనాయనా" అనేసి, చరచరా ఎదురింటికి పోయి చిన్నాయన్ను చెయ్యి పట్టుకుని లాక్కొచ్చింది.

ఇద్దరూ మంచానికి చెరో కొసన కూర్చున్నారు. ఇంక దాచలేక నేనే కంప్యూటర్ల పేర్ల సంగతి చెప్పేసినాను. చిన్నాయన టీ గ్లాసు అడ్డం పెట్టుకుని నవ్వినాడు. పెద్దనాయన మాత్రం వైరును పైకీ కిందికీ చూసి, "పాతదాని తప్పేం లేదు. కొత్తదానికే పిలిచే తీరు తెలీదు" అన్నాడు.

"పిలిచేది బాగానే పిలస్తాండాది. దానికే చెవుడు" అన్నాడు చిన్నాయన.

అంతే, మొదలైంది. వాళ్లట్లా యంత్రాల తరపున పోట్లాడతాంటే నేను మళ్లీ చూసుకుంటి. వెతికేచోట పెద్దనాయన పేరు ఇంగ్లీషులో కొట్టేటప్పుడు ఒక అక్షరం మింగేసినాను. అది పెట్టగానే అక్క గీసిన నెమళ్లూ హంసలూ ఒక్కొక్కటే కొత్తదాంట్లోకి దిగినాయి. షావుకారు వచ్చేసరికి వాళ్ల పోట్లాట బోర్లకాడికి చేరింది. గొంతు తగ్గించకుండానే చిన్నాయన, "సరేలే, రేపట్నుంచి ఒక పూట నీళ్లు నీ చేనికి ఇడుస్తా, తాగు" అన్నాడు.

ఇప్పుడు మా ఇంట్లో అన్నీ వైరు లేకుండానే కలిసిపోతాయి, నాతో ఎవరికీ పని లేదు. అట్లాంటప్పుడు ఆ మరుసటి రోజు టీ అంగట్లో నిలబడిన నన్ను తల్చుకుంటాను. "ఏమప్పా, ఆ ఇద్దర్నీ కలిపింది నువ్వేనంటనే" అని ఊళ్లోవాళ్లు అడిగితే, కంప్యూటర్ల సంగతనుకుని, కాలరు సర్దుకుని, "ఆఁ, వైరు మంచిది దొరికిందన్నా" అని చెప్పినాను.