పళ్ళ డాక్టరుగారి పాటల అర్థాలు

పళ్ళ డాక్టరుగారికి ఉన్నది ఒకే ఒక్క పిచ్చి, పాత రాక్ పాటలకు అర్థాలు చెప్పడం. పొద్దున తలుపు తీసింది మొదలు సాయంత్రం తాళం వేసేదాకా ఆయన గదిలో ఏనాటివో గిటార్లు మోగుతూనే ఉండాలి. కుర్చీలో వాలిన మనిషికి ఆ పాటలో దాగిన రహస్యం ఈయన విప్పి చెప్పాలి. వినేవాళ్ళకు వేరే దారి లేదు. నోట్లో అద్దం, బుగ్గలో దూది, మెడ కింద తువ్వాలు. పారిపోదామన్నా కుదరదు.

కొత్తగా చేరిన నర్సుకు మొదటి వారంలోనే మతి పోయింది. ఆరోజు కుర్చీలో పోస్ట్‌మ్యాన్ ఉన్నాడు. పాటలో ఎవడో గొంతు చించుకుంటున్నాడు, ఆమె వచ్చి నా ఇంటికి నిప్పు పెట్టి, నాకు దుప్పటి కప్పి వెళ్ళిపోయిందని.

"ఆమె ఎవరనుకుంటున్నావ్?" అన్నాడు డాక్టరు, నర్సు ముందు చెయ్యి చాపుతూ.

"ప్రియురాలు కదండీ?" అన్నాడు పోస్ట్‌మ్యాన్.

"నీ మొహం! ఇల్లంటే ఒళ్ళు. నిప్పంటే జ్వరం. చలేసి దుప్పటి కప్పుకున్నాడు. వచ్చి పోయింది దోమయ్యా, ఆడ దోమ!"

పోస్ట్‌మ్యాన్ నోరెళ్ళబెట్టాడు. కాసేపటికి పన్ను చేతికొచ్చాక, మొద్దుబారిన మూతితో లబోదిబోమన్నాడు. "ఆ పాట పాడి మా ఆవిణ్ణి పెళ్ళికి ఒప్పించానండీ! ఇప్పుడింటికెళ్ళి ఏ మొహం పెట్టుకుని చూడను?"

మూడు రోజుల తర్వాత అదే కుర్చీలో లెక్కల టీచరు. పాటా అదే. ఈసారి నిప్పు పెట్టింది దోమ కాదు, ఇస్త్రీపెట్టె. ఆపకుండా ఊరెళ్ళారట, ఇల్లంతా కాలి దుప్పటి ఒక్కటే మిగిలిందట. టీచరు గుడ్లు తేలేసింది. నర్సు కొయ్యబారిపోయింది. నోటికొచ్చిన అబద్ధం ఇంత ధీమాగా చెప్పే మనిషిని ఆమె పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"మొన్న దోమన్నారు కదండీ!" అని ఆమె నిలదీసింది.

"మొన్నటి పన్ను వేరు, ఇవాళ్టి పన్ను వేరమ్మా," అన్నాడాయన చేతులు కడుక్కుంటూ.

మర్నాడు మంగలి పళ్ళు ఊరికే చూపించుకుందామని వచ్చాడు. అదే పాట మోగినా డాక్టరు ఒక్క ముక్క మాట్లాడలేదు. కళ్ళు మూసుకుని కూనిరాగం తీశాడు. ఆయనకు ఒంట్లో బాగాలేదేమోనని నర్సు కంగారుపడింది.

ఇలాంటి మనిషి దగ్గరికే సొంత అత్తగారిని తీసుకురావలసిన గతి పట్టింది ఆమెకు. అత్తగారికి దవడ పన్ను పుచ్చి బుగ్గ బూరెలా పొంగింది. నాలుగు రోజులుగా పాలే ఆహారం. చీము పైకి పాకితే ప్రమాదమని నర్సుకు తెలుసు. కానీ ఆవిడకు సూదంటే చచ్చేంత భయం. చిన్నప్పుడు ఎవరో పళ్ళ డాక్టరు చెయ్యి కొరికి పారిపోయి వచ్చిన చరిత్ర ఉంది. కోడలు నెత్తీ నోరూ కొట్టుకుంటే చివరికి ఒక్కసారికి ఒప్పుకుంది.

ముందురోజే నర్సు డాక్టరును బతిమాలింది. "గొడుగు పాట ఒక్కటీ వెయ్యకండి. పోయిన మామయ్యగారు పాడిన పాటది. దానికి మీరు అర్థం చెప్తే మా ఇంట్లో నేను బతకలేను."

"ఛ ఛ, దాని జోలికెందుకు వెళ్తాను!" అని డాక్టరు మాటిచ్చాడు.

తీరా కుర్చీలో కూర్చున్నాక అత్తగారు దవడలు బిగించేసింది. డాక్టరు బుజ్జగించాడు. నర్సు కాళ్ళు పట్టుకున్నంత పని చేసింది. ఆవిడ ససేమిరా అంది. చెప్పుల కోసం కాలు కిందికి దించింది కూడా. ఇంక ఈ జన్మలో ఇటు రాదు అనుకుని నర్సు కళ్ళనీళ్ళ పర్యంతమైంది. సరిగ్గా అప్పుడు డాక్టరు చెయ్యి వెనక్కి పోయి ఏదో మీట నొక్కింది. గొడుగు తిరగేసి పట్టుకో, ఈ వానంతా మనదే, అంటూ పాట మొదలైంది.

నర్సు అడ్డుపడబోయింది. "డాక్టరుగారూ!"

ఆయన వినిపించుకుంటేనా! "ఇది ప్రేమపాటనుకుంటారండీ జనం. కుళాయి రాక గొడుగులో వాననీళ్ళు పట్టుకుంటున్నారు, అంతే. వారం రోజుల మురికిబట్టలు ఉతుక్కోవడానికి!"

"ఏంటీఁ?!" అంది అత్తగారు.

ఆ నోరు అంతలా తెరుచుకోవడం కోడలు కూడా ఎన్నడూ చూడలేదు. ఆ తర్వాత మాటల వాన కురిసింది.

"మురికిబట్టలా? నీ తెలివి తెల్లారినట్టే ఉంది! మాకున్నది ఒక్కటే గొడుగు. నువ్వు పట్టుకో అంటే నువ్వు పట్టుకో అని బస్టాపులో వాదులాడుకున్నాం. ఆయన దాన్ని తిరగేసి పట్టుకుని ఈ పాటెత్తుకున్నారు. నువ్వు తడిస్తే నేనూ తడుస్తానని దానర్థం! మూడు రోజులు ఇద్దరికీ జలుబు. మెదడుందా నీకు? అమ్మాయ్, నా మూతేంటి ఇలా పక్కకి పోతోంది?"

నర్సు ట్రే వైపు చూసింది. సూది ఖాళీగా పడి ఉంది. పోస్ట్‌మ్యాన్‌కు గానీ టీచరుకు గానీ సూది పడిందని తెలిసిందా? సూది అక్కర్లేని మంగలికి అర్థం చెప్పాడా? ఇన్నాళ్ళూ పక్కనే నిలబడి సూది అందించింది తనే, అయినా కనిపెట్టలేకపోయింది. ఆయనంటే ఒక్కసారిగా ప్రేమ ముంచుకొచ్చింది.

పన్ను ఎప్పుడు వచ్చిందో కూడా అత్తగారికి తెలియలేదు. దూది మార్చాక డాక్టరు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. "మీరు చెప్పిందే నిజమండీ. ఆ పాటంటే నాకూ ప్రాణం. దాన్ని అంత మాటన్నందుకు ఇవాళ నాకు అన్నం సహించదు."

అత్తగారు ఆయన్ను ఎగాదిగా చూసింది. ట్రేలో పన్ను చూసింది. కుర్చీ దిగకుండా ఇంకాస్త వెనక్కి వాలింది.

"ఈ పక్కది కూడా జివ్వుమంటోంది, దాన్నీ చూడు. కానీ ఈసారి పాటకి అర్థం నేను చెప్తాను, నువ్వు బిత్తరపోదువుగాని."

"అమ్మో, వద్దండీ!" అన్నాడు డాక్టరు. "సూది నా వేల్లో దిగుతుంది!"