కుండలో మబ్బు

మా నాన్నకు కథలంటే పడవు. కథ వినేవాళ్ళ చేతులు ఆగిపోతాయని ఆయన గట్టి నమ్మకం. అలాంటి మనిషి మిరపకోతలకు కథలు చెప్పే ఆమెను ఎందుకు పిలిచేవాడంటే, పిలవకపోతే కూలీలు రారు. ఎనభైల్లో మా చిలకలూరిపేట చుట్టుపక్కల ఊళ్ళల్లో మిరప అంతా ఒక్కసారే పండేది. ఆమె ఏ చేలో ఉంటే ఆడవాళ్ళంతా పిల్లాజెల్లాతో ఆ చేలోకే నడిచేవారు.

ఆమె ఒకప్పుడు బుర్రకథ దళంలో ముందు నిలబడి పాడిన మనిషి. దళం చెదిరిపోయింది, తంబుర అటకెక్కింది, గొంతు మాత్రం ఎక్కడికీ పోలేదు. ఇప్పుడు మిరపసాళ్ళ మధ్య నడుస్తూ కథ చెప్పేది. ఆమె భర్త ఆమెకు ఎదురుగా వెనక్కి వెనక్కి నడుస్తూ గుమ్మెట వాయించేవాడు. కాలు తట్టుకుని ఎన్నిసార్లు చెట్ల మీద కూలబడ్డా పాపం దరువు తప్పనిచ్చేవాడు కాదు. ఆమె కాయ కొయ్యక్కర్లేదు. అటూ ఇటూ కోసేవాళ్ళే తలా ఒక దోసెడు ఆమె గంపలో వేసేవారు. సాలులో వెనకబడితే కథ వినపడదు కాబట్టి ఎవరూ వెనకబడేవారు కాదు. ఇది కళ్ళారా చూసి కూడా నాన్న ఒప్పుకునేవాడు కాదు.

ఆ శుక్రవారం ఆకాశంలో మబ్బు తునక లేదు. మేం పిల్లలం ఆమె వెంటపడి వాన కథ మొదలుపెట్టించాం. వానలు లేని ఏడు ఊరివాళ్ళు పనిగట్టుకుని చెప్పించుకునే కథ అది. ఎండిపోయిన ఊరి కోసం ఒక కుమ్మరి పిల్ల కొండెక్కి, మబ్బును కుండలో పట్టి తెస్తుంది. దారిలో కుండ పగిలితే వాన అక్కడే కురిసిపోతుంది. ఊరు చేరి వంచితేనే ఊరికి నీళ్ళు. పొద్దుగూకేసరికి పిల్ల కుండ నెత్తిన పెట్టుకుని అడవిలో నడుస్తోంది. మిగతాది రేపందామె. నాకు ఆ రాత్రి నిద్ర పడితే ఒట్టు.

శనివారం తెల్లారేసరికి తూర్పున నల్లటి మబ్బు దిగింది. సగం చేను ఎర్రగా చెట్ల మీదే ఉంది. తడిస్తే కాయ రంగు చచ్చి తాలవుతుంది, తాలుకాయను అడిగే నాథుడుండడు. మర్నాడు కోద్దామంటే ఆదివారం, కోతకొచ్చేవాళ్ళలో చాలామంది చర్చికి పోయేవాళ్ళే. పైగా అది కౌలు చేను. ఈ పంట పోతే వచ్చే ఏడు మాకు చేనే లేదు. నాన్న మొహాన నెత్తురు చుక్క లేదు. నాకూ భయంగానే ఉంది గానీ, అబద్ధమెందుకు, అడవిలో ఆ పిల్ల ఏమైందోనన్న ఆత్రం అంతకన్నా ఎక్కువగా ఉంది.

ఆమె గట్టు దిగుతుండగానే నాన్న ఎదురెళ్ళాడు. ఇంకే కథైనా చెప్పమనీ, వాన కథ మాత్రం వద్దనీ అన్నాడు. ఎవరూ నవ్వలేదు. ఆ కథ ముగిసిన రోజునే వాన పడ్డ ఏళ్ళు అందరికీ గుర్తే.

"మొదలెట్టిన కథ మజ్జలో వదిలేస్తే ఆ పిల్ల అడివిలోనే ఉండిపోద్ది నాయనా," అందామె. "ఆడపిల్లనట్టా వదిలేసి రమ్మంటావా?"

ఇద్దరాడపిల్లల తండ్రి, ఏమంటాడు? కథ ఆపొద్దు గానీ పిల్లను కాస్త నెమ్మదిగా నడిపించమనీ, చేను అయ్యేదాకా ఊరు చేరనివ్వొద్దనీ బతిమాలుకున్నాడు. ఆమె సరేనంది.

ఇక చూడాలి ఆ రోజు మా చేను. అడవిలో కొంగ ఎదురొచ్చి, గొంతు తడుపుకోవడానికి ఒక్క చుక్క పొయ్యమంది. కుండ వంచితే మబ్బు జారిపోతుంది, పొయ్యకపోతే పాపం. ఆ వాదన మూడు సాళ్ళు సాగింది. తర్వాత సంతలో ఒక గయ్యాళి అత్త అడ్డం పడి, కుండ వేలితో కొట్టి చూడందే దారివ్వనంది. కొట్టింది. సరిగ్గా అప్పుడే మా నెత్తిమీద నిజంగా ఉరిమింది. గుమ్మెట తాత రెండు చేతులూ పైకెత్తి అది తన పని కాదన్నాడు. చేనంతా గొల్లుమంది.

చేను అయితే గానీ కుండ వంచదని అందరికీ అర్థమైపోయింది. ఇక చేతులు ఆగితేనా? ఎప్పుడూ మమ్మల్ని కాయ ముట్టనివ్వని అమ్మ కూడా ఊరుకుంది. వేళ్ళు మండుతున్నాయి, కళ్ళు మండుతున్నాయి, తుడుచుకుంటే ఇంకా మంట. అంత సంతోషంగా నేను ఏ పండగ నాడూ లేను.

రాయి తగిలి పిల్ల తూలింది. గుమ్మెట ఆగింది. గోనె మోసుకుపోతున్న నాన్న ఆగిపోయాడు.

"కుండో?" అన్నాడు.

ఆమె వెనక్కి తిరిగి, ఇంకా ఎన్ని సాళ్ళున్నాయో చూసుకుని, పిల్ల చేత ముందు ఒక కాలు ఊనించింది. రెండో కాలు ఊనేసరికి సాలు అయిపోయింది.

సాయంత్రానికి ఆఖరి గంప కళ్ళంలో పడింది. అమ్మా నాన్నా పట్టాలు కప్పి అంచుల మీద రాళ్ళు పెట్టారు. అందరం చుట్టూ చేరాం. పిల్ల ఊరి పొలిమేరలో నిలబడి ఉంది. ఆమె కథ ఆపి నాన్న వైపు చూసింది. నాన్న నాలుగు మూలలూ మళ్ళీ తడిమి చూసుకుని, వచ్చి మా పిల్లల మధ్య చతికిలబడ్డాడు.

"ఇక వంచమనక్కా," అన్నాడు.

ఆమె వంచింది. గుమ్మెట మీద ముందు ఒక చినుకు, తర్వాత నాలుగు, తర్వాత కుండపోత. పిల్లలం లేచి గంతులేశాం. ముసలమ్మలు మొహాలు పైకెత్తి కూచున్నారు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకో అడగొద్దు.

దరువు ఆగాక నాన్న లేచి అరచెయ్యి బయటికి చాపాడు. మబ్బు ఎప్పుడో అద్దంకి దిక్కుకు పోయింది. ఆయన చాలాసేపు అలాగే చెయ్యి చాపి నిలబడ్డాడు.

"ఒక్క చినుకన్నా పళ్ళేదే," అన్నాడు. ఏడాది పంటను పక్కనే పోసుకున్న మనిషి, నిజంగా బాధపడుతూ అన్నాడు.