బొడ్డు ఊడిన రెండోరోజు

మా ఇంట్లో దెబ్బ తగిలితే ఆ రోజు ఎవరూ ఏడవరు. ఏడుపు రెండోరోజుకు దాచుకుంటారు. నాకూ మా అన్నకూ పుట్టుకతో ఉన్న జబ్బు అలాంటిది. రక్తం అందరికీ ఆగినట్టే ఆగుతుంది, గడ్డ కడుతుంది. కానీ ఆ గడ్డను బిగించే ఎంజైమ్ మా ఒంట్లో లేదు. మరునాడు గడ్డ విడిపోయి కథ మళ్లీ మొదటికొస్తుంది. అమ్మ తన సొంత మేనమామను చేసుకుంది. ఇద్దరిలోనూ చెడిన జన్యువు ఒక్కొక్కటి ఉంటే, రెండూ మాకు సమానంగా ఇచ్చారు. పంపకాల్లో ఇంత న్యాయం నేనింకెక్కడా చూడలేదు.

కొత్త రాష్ట్రం వచ్చిన ఏడాది, కట్టంగూర్ దగ్గర మా ఊళ్లో అన్న గొర్రెల దొడ్డి గోడ మీంచి పడ్డాడు. లేచి నవ్వాడు, రెండుసార్లు అన్నం పెట్టించుకున్నాడు. మరునాడు మెదడులో రక్తం కారింది. బతికాడు గానీ, ఎడమచెయ్యి అప్పటి నుంచి సగం మాటే వింటుంది. నేనూ ఒకసారి అంతకంటే ఎత్తు నుంచి పడ్డాను, కానీ నా తలకు ఏమీ కాలేదు. ఇదేం విడ్డూరమని హైదరాబాద్ డాక్టరమ్మ మా ఇద్దరి రక్తం తీసుకుంది. గడ్డ తొందరగా కరగకుండా కాపాడే ఎంజైమ్ ఇంకొకటి ఉంటుందట. దాని జన్యువు ఎవరి ఒంట్లో ఎంత పనిచేస్తుందో చూస్తుందట.

"దీని నోరు ఎంత పనిచేస్తదో సూడున్రి మేడం, జవాబు గాడనే దొరుకుతది," అన్నాడు అన్న నన్ను చూపిస్తూ.

ఆ జవాబు ఇంకా రాలేదు. ఈలోగా నేను నెలనెలా నల్గొండ దవాఖానలో మందు ఎక్కించుకుంటూ కూతుర్ని కన్నాను. మా ఆయన మాకు చుట్టం కాదు కాబట్టి పాపకు ఈ జబ్బు దాదాపు రాదని డాక్టరమ్మ చెప్పింది. ఆ 'దాదాపు' నన్ను నిద్రపోనివ్వలేదు. మా ఇద్దరికీ బొడ్డు ఊడిన మరునాడే మొదటిసారి రక్తం కారిందట మరి.

ఏడోరోజు, పుట్టింట్లో, పాప బొడ్డు ఊడింది. చుక్క రక్తం లేదు. నేను ఎగిరి గంతేయబోయాను.

"జర ఆగు బిడ్డా. రేపు నవ్వుదాం," అంది అమ్మ.

మరునాడు పొద్దున లేచి చూస్తే, పాపను చుట్టిన గుడ్డ మీద, సరిగ్గా బొడ్డు దగ్గర, అరచెయ్యంత ఎర్రటి మరక. విప్పి చూసే ధైర్యం చాలలేదు. ఇవాళ బొడ్డు, రేపు అన్నకులాగా తలేనా అనుకున్నాను.

"అన్నా, ఆటో పిలువు!" అని అరిచాను.

అన్న దొడ్డిలోంచి పరుగెత్తుకొచ్చాడు. కుడి సంకలో గొర్రెపిల్ల ఉంది. ఎడమచెయ్యి మణికట్టు దాకా ఎర్రగా ఉంది.

"నీ చేతికేమైందిరా?" అంది అమ్మ.

"జాజు అమ్మా. పక్కోళ్ల మందల కలుస్తున్నయని మన గొర్లకు గుర్తులు పెడుతున్న."

అమ్మ గుడ్డ వైపు చూసింది, మళ్లీ వాడి చేతి వైపు చూసింది. "పిల్లను ఎత్తుకున్నవా?"

"మీరు పండుకున్నరు, పిల్ల ఏడుస్తాంది. కుడిచేతుల ఇది ఉండె. ఎడమచేత్తోనే ఎత్తి ఊకుంచిన."

గుడ్డ ముక్కు దగ్గర పెట్టుకున్నాను. జాజు ఎర్రమట్టి వాసన! విప్పి చూస్తే బొడ్డు ఎండుద్రాక్షలా ముడుచుకుని, పొడిగా ఉంది. నిన్నటి నుంచి దాచుకున్న నవ్వంతా అమ్మకు ఒక్కసారే వచ్చింది. వాడి వీపు మీద నాలుగు చరిచి మరీ నవ్వింది. నేను నవ్వుతూ కింద కూలబడ్డాను. గొర్రెపిల్ల బెదిరి అన్న సంకలోంచి దూకి మంచం కిందికి పరుగెత్తింది.

నవ్వు కాస్త తగ్గాక ఆ మరకను మళ్లీ చూశాను. ఐదు వేళ్లూ విడివిడిగా అచ్చు పడ్డాయి. ఇన్నేళ్లుగా మంచినీళ్ల గ్లాసు పట్టలేని చెయ్యి నా బిడ్డను పడేయకుండా పట్టుకుంది.

అమ్మ ఆ గుడ్డ ఉతకడానికి చెయ్యి చాపింది. నేనివ్వలేదు.