శుక్రవారం కదలని చెక్కు

మీ దయకు వారంలో ఏ రోజు సెలవు?

ఊరికే అడగడం లేదు. కర్నూలులో రిటైరైన మాస్టర్లం నలుగురం కలిసి ఒక చిన్న ట్రస్టు నడుపుతున్నాం. డయాలసిస్ కోసం పల్లెల నుంచి ఆసుపత్రికి వచ్చేవాళ్లకు దారి ఖర్చులిస్తాం. రసీదు పుస్తకం నా దగ్గరుంటుంది. అందుకే మార్చి నెలాఖరులో జనానికి పుణ్యం ఎలా పొంగుకొస్తుందో దగ్గరగా చూశాను. ఏడాదంతా పలకనివాళ్లు ఆ వారం ఫోను చేస్తారు. రోగులు ఎలా ఉన్నారని ఒక్కరూ అడగరు. "మీ రసీదుకు పన్ను మినహాయింపు వస్తాదా సారూ" అని మాత్రం అందరూ అడుగుతారు.

ఒక ఏడు మార్చి ముప్పై ఒకటి శుక్రవారం పడింది. అప్పటికి మా చేతిలో పైసా లేదు. ఆలూరు నుంచి సోమ, గురువారాల్లో వచ్చే ఒక కూలామె ప్రయాణాలన్నీ ఒక పత్తి వ్యాపారి ఇస్తానన్న చందా మీదే ఆగి ఉన్నాయి. శుక్రవారమంతా ఎదురుచూశాను. ఆయన శనివారం చెక్కుతో వచ్చాడు.

"నిన్నటి తేదీతో రసీదు రాయండి సారూ."

"నిన్ననే ఎందుకు రాలేదప్పా?"

"శుక్రవారం ఇంట్లోని లక్ష్మిని యాడన్నా బయటికి పంపుతారా?"

"బ్యాంకులో ఉండే లక్ష్మి మీ ఇంటి గడప ఎట్ల దాటుతాదప్పా?"

"మీకు దేవుడూ లేడు, కట్టేదానికి పన్నూ లేదు. మా బాధ మీకేం తెలుస్తాది."

పన్ను తగ్గించుకోవడానికి ఆ బుధవారమే తల్లి పేరిట పెద్ద మొత్తం బహుమతిగా రాశానని ఆయనే గొప్పగా చెప్పాడు. ఒకే ఇంట్లో ఈ జేబులోంచి ఆ జేబులోకి పోయే లక్ష్మికి మంచిరోజు దొరికింది. రోగి దగ్గరికి పోవలసిన లక్ష్మికే శుక్రవారం అడ్డం వచ్చింది.

దాచడం ఎందుకు, నేనూ పెన్ను మూత తీశాను. ఒక్క తేదీ మారిస్తే ఆ ఆలూరు ఆమెకు నెలల తరబడి దారి ఖర్చులు. కానీ చెయ్యి రాలేదు. ఈ రోజు తేదీతోనే రాస్తానని, మినహాయింపు కొత్త ఏడాది లెక్కలో వాడుకోవచ్చని చెప్పాను.

"అట్లయితే వచ్చే మార్చికి చూద్దాం లెండి" అని ఆయన చెక్కు మడిచి జేబులో పెట్టుకున్నాడు.

సోమవారం ఆమె రాలేదు. గురువారం చేబదులు చేసుకుని వచ్చింది. ఉబ్బిన పాదాలకు చెప్పులు పట్టక వాటిని చేత్తో పట్టుకుని ఆసుపత్రి మెట్లెక్కింది. "సోమారం బస్సుకు దుడ్లు ల్యాకపాయ సారూ" అంది, తప్పు తనదే అయినట్టు.

మీరు ఎవరికైనా ఏదైనా ఇస్తానని మాటిచ్చారా? క్యాలెండరు గోడవైపు తిప్పి పెట్టండి. ఏ వారమైనా సరే, చెక్కు ఈ రోజే రాసి పంపండి. రసీదు మీద ఈ రోజు తేదీనే వేయించుకోండి.