నాయన చెక్కుకున్న రాయి

అప్పుడు మా మార్కాపురం ఇంకా కర్నూలు జిల్లాలోనే ఉంది. నాకు పద్దెనిమిదేళ్లు. మా నాయన పలకరాయి గనిలో ముప్పై ఏళ్లు దుమ్ము మింగి మింగి, రొమ్ము చెడి మంచం పట్టినాడు.

ఒకరోజు పొద్దున నేను నీళ్లు తెచ్చేసరికి, మంచం మీద కూర్చొని ఒళ్లో పలకరాయి పెట్టుకొని ఉలితో చెక్కుతున్నాడు. పైన సిలువ, కింద తన పేరు. తేదీకి మాత్రం చోటు వదిలినాడు.

"ఏంది నాయనా ఇది?"

"నా సమాధికమ్మా. ప్రభువు పిలుస్తాండాడు. తేదీ నువ్వు చెక్కు."

నాకు ఒళ్లు మండిపోయింది. "నిన్ను తినింది ఈ రాయే! మళ్లా దీన్నే నెత్తిన పెట్టుకుంటావా?" అని లాక్కొని వాకిట్లోకి విసిరికొట్టినాను. రెండు ముక్కలైంది.

నాయన దగ్గుకుంటూనే నవ్వినాడు. "పోనీలేమ్మా. నన్ను రాయి చూసి గుర్తుపడతాడా ఆయన?"

నాలుగో రోజు మేం కీర్తన పాడుతుంటే వింటూ కన్నుమూసినాడు. ఆ రెండు ముక్కలూ కలిపి నిలబెట్టి, తేదీ నేనే చెక్కినాను. సమాధి దగ్గరికి గని యజమాని వచ్చి, "మంచోడు, పోయేటప్పుడు కూడా ఎవరినీ ఒక్క మాట అనలేదు" అన్నాడు.

అవును, అనలేదు. నెమ్మది తాను తీసుకొని, కోపమంతా నాకు వదిలిపోయినాడు.