గేరు రాడ్డు ఊగితే ఇద్దరు మనుషులు కావాలి

బోనాలు అయిన తెల్లారి, సోమవారం, పొద్దున ఏడు గంటల పది నిమిషాలకు నేను కారు బోనెట్ ఎత్తి నిలబడ్డాను. కాలనీ ఇంకా నిద్రలోనే ఉంది. తొమ్మిదింటికి తుక్కు కొనేవాడు వస్తానన్నాడు.

కారుకు వచ్చిన జబ్బు ఇది. మొదటి గేరులో వేసి క్లచ్ వదిలితే కింది నుంచి టక్కుమని చప్పుడు. అప్పుడే గేరు రాడ్డు నా అరచేతిని నెట్టేది. రేస్ ఇస్తే వెనక్కి, వదిలితే ముందుకు ఊగేది. సిద్దిపేటలో మెకానిక్ ఒక చుట్టు తిప్పి వచ్చి, "గేరుబాక్సు ఖతం తాతా. దించి చేసుడు దండుగ. తుక్కుకు అమ్ముకో," అన్నాడు. బోనెట్ కూడా ఎత్తలేదు.

నేను ఆ మాట నమ్మలేదు. నాకు అక్షరాలు అరవై దాటాక వచ్చాయి, బండి చప్పుళ్లు అంతకు చాలా ముందే వచ్చాయి. గేరుబాక్సు లోపల పళ్లు పోతే గేరు వేసేటప్పుడే గరగరమంటుంది, లేకపోతే నడుస్తుండగా గేరు జారిపోతుంది. నా కారుకు గేర్లు మెత్తగానే పడుతున్నాయి. ఊగేది రాడ్డు కాదు, ఇంజనే అని నా లెక్క. ఇంజనును పట్టి ఉంచే రబ్బరు దిమ్మెలుంటాయి, మౌంటింగులు అంటారు. అవి తెగితే ఇంజను ఎగిరి పడుతుంది, దానితో పాటు రాడ్డూ కదులుతుంది.

ఇది తేల్చడం పెద్ద విద్యేమీ కాదు. ఒకరు లోపల కూర్చుని, బ్రేకు గట్టిగా తొక్కిపట్టి, క్లచ్ కొంచెం కొంచెంగా వదలాలి. ఇంకొకరు పక్కన నిలబడి ఇంజను ఎటు లేస్తుందో చూడాలి. అంటే ఇద్దరుండాలి. ఇన్నేళ్లూ లోపల కూర్చున్నది నా భార్య. ఆమెకు కారు నడపడం రాదు. "వదులు" అంటే వదిలేది, "ఆపు" అంటే ఆపేది. పోయిన చలికాలంలో చనిపోయింది.

కారు పోతే ఏమవుతుందో దాచుకోవడం దేనికి? కాలనీలో ముసలివాళ్లను దవాఖానకు తీసుకుపోయేది నేను. మోకాళ్ల నొప్పులవాళ్లు, షుగరువాళ్లు వెనక సీట్లో కూర్చుని దారి పొడుగునా మాట్లాడుకుంటారు. నాతో కాదు, వాళ్లలో వాళ్లే. అయినా రోజు మొత్తంలో నా చెవిన పడే మనిషి గొంతు అదొక్కటే. కారు తుక్కులోకి పోతే నా గడప దగ్గరికి వచ్చే పని ఇక ఎవరికీ ఉండదు.

ఆ వేళకు వీధిలో కనిపించింది పక్కింటామె ఒక్కతే. వాకిట్లో పేడనీళ్ల సాన్పి చల్లుతోంది. ఆమె మెట్టిన ఊరు, మా ఊరు రెండూ మల్లన్నసాగర్ రిజర్వాయరు కింద మునిగిపోయాయి. సర్కారు చీటీలు తీసి ఈ కాలనీలో ఇళ్లు ఇస్తే మాకు గోడకు గోడ వచ్చింది. కానీ ఈ ఎండాకాలం దాకా ఆ ఇంటికి తాళమే. భివండిలో బిడ్డ దగ్గర ఉండి వచ్చింది. వచ్చినా మా మధ్య మాటల్లేవు, ఎందుకంటే ఆమెను ఏమని పిలవాలో నాకు తెలియదు. ఊళ్లో కులం ఏదైనా ప్రతి మనిషికీ ఒక వరుస ఉంటుంది. చిన్నమ్మో, వదినో, మామో, ఏదో ఒకటి. కాలనీలో అది లేదు. వరుస లేని ఆడమనిషిని నా కారులో కూర్చోమని ఎట్లా అడగను? దగ్గాను. మళ్లీ దగ్గాను.

ఆమే చెంబు కింద పెట్టింది. "పొద్దటి సంది దగ్గుతున్నవ్. మందు గావాల్నా, మనిషి గావాల్నా?"

"మనిషే. కార్ల కూసోని పెడలు తొక్కాలె."

"ముందుగాల వరుస సెప్పు. మీ ఇంటామెది ఏ ఊరు?"

"నారాయణరావుపేట."

"అవ్వో! నేను గూడ నారాయణరావుపేట ఆడబిడ్డనే. గట్లయితే ఆమె నాకు అక్క, నువ్వు బావవు."

"బావ గీవ వద్దు. అన్నా అను. సూసెటోళ్లు నవ్వుతరు."

"మెట్టినూరు మునిగింది సాలదా, వరుస గూడ ముంచాల్నా? నోట్ల పండ్లు లేవు, నువ్వేం బావవు తియ్యి. నవ్వితే నవ్వనీ."

నా భార్య పేరు చెప్పాను. ఏ గల్లీలో పుట్టిందో, వాళ్ల బాపు ఏం పని చేసేవాడో చెప్పాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంటూ చాలాసేపు ఆలోచించింది.

"యాదికొస్తలేదు బావా. నన్ను సిన్నప్పుడే ఇచ్చిన్రు."

నా భార్యను ఎరిగిన మనిషి ఒకరు దొరికారని అంతసేపూ ఆశపడ్డాను. ఇక చేసేదేముంది, చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టాను.

ఆమెను సీట్లో కూర్చోబెట్టి పెడళ్లు చూపించాను. "ఎడమకాలు కింద క్లచ్. కుడికాలు బ్రేకు మీదికెల్లి తియ్యద్దు. నేను వదులంటే ఎడమకాలు మెల్లగ లేపు."

"నాకు సెప్తున్నవా? మా ఆయనకు కండ్లు పోయినంక నేనే మగ్గం గుంతల కూసోని గొల్లభామ చీరలు నేసిన. ఏ కాలుకు ఎంత బలమియ్యాల్నో నాకెరికే."

ఆమె క్లచ్ తొక్కి పట్టుకుంటే, అవతలి తలుపులోంచి వంగి తాళం తిప్పి, గేరు వేశాను. కారుకు ఎదురుగా కాకుండా పక్కకు వచ్చి నిలబడ్డాను.

"వదులు."

పోగు తెగకుండా చూసుకునే మనిషి వదిలినట్టే వదిలింది. ఇంజను ఒక పక్కకు లేచి టక్కున కొట్టింది.

"ఆపు."

రివర్సులో వేసి మళ్లీ వదలమన్నాను. ఈసారి రెండో పక్కకు ఒరిగి టక్కుమంది. ఇంజను ఆపి టార్చి వేసి చూస్తే ఎడమవైపు మౌంటింగు రబ్బరు నడిమికి చీలిపోయి ఉంది. ఇనుముకు ఇనుము తగిలినచోట మెరుస్తోంది.

"దొరికిందా?" అంది లోపలి నుంచి.

"దొరికింది. రబ్బరు తెగింది. గేరుబాక్సు మంచిగనే ఉన్నది."

"గింతదానికా నా సాన్పి ఎండబెట్టినవ్!" అంది కానీ దిగలేదు. స్టీరింగు మీద చేతులు పెట్టి వీధి చివరి దాకా చూసింది. "అయితే బండి ఉంటదా?"

"ఉంటది."

"మూడొద్దులకు బేస్తారమొస్తది, నన్ను కండ్ల దవాఖానకు తోల్కపో. ముంగట కూసుంట. ఎనక కూసుంటే కడుపుల తిప్పుతది."

నా భార్య పోయాక ముందు సీట్లో నేను ఎవరినీ కూర్చోబెట్టడం లేదు. నట్లు విప్పే పానాల సంచి పెట్టుకుంటున్నాను. ఆ సంచి ఎత్తి వెనక వేసి, సరే అన్నాను.

ఆమె దిగి, మిగిలిన సాన్పి చల్లి, లోపలికి పోయి తలుపు వేసుకుంది. ఆ ఇంట్లో టీవీ మొదలైంది. నేను బోనెట్ దించకుండా గోడ పక్కన నిలబడి ఆ చప్పుడు విన్నాను.

తుక్కు కొనేవాడు చెప్పిన వేళకే వచ్చాడు. అమ్మనంటే గొణుక్కుంటూ పోయాడు.

ఆ రోజు అక్కడ ఉన్నది నేను, నారాయణరావుపేట ఆడబిడ్డ, వచ్చి పోయిన ఆ తుక్కు వ్యాపారి. ఇంకెవరూ లేరు. "వదులు" అంటే వదిలే నా భార్య లేదు.