అక్క చెప్పిన మాట, నేను దాచిన మాట

మా అక్కకు పుట్టు చెవుడు. ఐదో తరగతి దాకా చదివింది, రేగొండలో జాకెట్లు కుడుతుంది. చిన్నప్పటి నుంచి మా ఇద్దరికీ చేతులతో మాట్లాడుకునే భాష ఒకటుంది. అది నాకొక్కదానికే పూర్తిగా తెలుసన్న గర్వం కూడా నాకు బాగానే ఉండేది. పెళ్లిలో అయినా, బ్యాంకులో అయినా ఆమె తరఫున మాట్లాడేది నేనే.

బావ చనిపోయిన ఏడాదికి అక్క కుట్టుమిషన్ ముట్టడం మానేసింది. అన్నం ముందు పెడితే పళ్లెం పక్కకు జరిపేది. మహబూబాబాద్‌లో ఉండే నేను వెళ్లి, ఆమెను అంత దూరం జనగామకు తీసుకుపోయాను. మనసు డాక్టరు దగ్గరికి పోతే పిచ్చి అంటారు. జనగామలో మమ్మల్ని ఎరిగినవాళ్లు లేరు. నా తెలివి అట్లా ఏడిసింది.

ఆ డాక్టరు అక్క వైపు చూడకుండా, ఏమవుతుందో చెప్పమని నన్నే అడిగాడు. నేను అక్కను అడిగాను. ఆమె రొమ్ము మీద చెయ్యి పెట్టి, ఆ చేతిని పక్కకు విసిరేసింది. బతకబుద్ధి కావడం లేదని దానర్థం. నేను వెనక్కి తిరిగి చూశాను. తలుపు తీసే ఉంది, బయట జనం.

"నిద్ర పడతలేదు సార్, గంతే," అన్నాను. ఆయన నిద్రమాత్రలు రాసిచ్చాడు.

వాటితో అక్క పగలంతా మత్తుగా పడి ఉండేది. భూపాలపల్లి సర్కారు దవాఖానలో మనసు డాక్టరమ్మ ఉందని అక్క పక్కింట్లో ఉండే ఆశా కార్యకర్త చెప్పింది. సొంత జిల్లాలో అందరూ చూస్తారని నేను సణిగాను. అక్క అప్పటికే చెప్పులేసుకుని నిలబడింది.

డాక్టరమ్మ కుర్చీ జరుపుకుని అక్కకు ఎదురుగా కూర్చుంది. అక్కకు రాయడం వచ్చా అని మాత్రం నన్నడిగి, కాగితం తీసింది.

"మీరు జర బయట కూసోండ్రి," అంది.

నేను లేకుండా అక్కతో ఈమె ఏం మాట్లాడుతుందని ఒళ్లు మండింది. అయినా బయటికి వచ్చి కూర్చున్నాను.

చాలాసేపటికి అక్క వచ్చి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. చావాలనిపిస్తుందని రాసింది. ఈ మాట ఇంతకుముందు ఎవరికన్నా చెప్పినవా అన్న డాక్టరమ్మ ప్రశ్న కింద, వంకర అక్షరాలతో అక్క జవాబు: "జనగామల చెప్పిన. డాక్టర్ మొఖం మారలే. చెల్లె చెప్పలేదని సమజయింది."

వరండాలో అందరూ చూస్తుండగానే ఏడ్చాను. అక్క నా భుజం తట్టి, మందుల చీటీ పట్టుకుని తనే పోయి వరుసలో నిలబడింది.